పాలల్లో లేచిన పురుగు

ల్యాబుల్లో పనిచేసేవాళ్ళకి ఒక అలవాటుంది. మేం బాక్టీరియాని బాక్టీరియా అనం, పురుగు అంటాం. "నిన్నటి శాంపిల్లో పురుగు లేచిందా?" "లేచింది మేడమ్, మొండి పురుగే, ఏ మందుకీ లొంగట్లా." ఇలా మాట్లాడుకుంటూ హాయిగా టీ తాగేస్తాం. విజయవాడలో ఒక తల్లీపిల్లల ఆసుపత్రిలో నేను మైక్రోబయాలజీ డాక్టరుగా చేరేనాటికే ఆ మాట అక్కడ పాతుకుపోయి ఉంది. ఆ మాట వల్ల ఏం ముంచుకొస్తుందో అప్పట్లో ఎవరికీ తట్టలేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీకు ఆ కథ ఒకటి చెప్పాలని ఎప్పట్నించో అనుకుంటున్నాను.

ముందే చెబుతున్నా, నా పనిలో నేను ఘటికురాలిని. ఇందులో మొహమాటం ఏమీ లేదు. బాక్టీరియాని పెంచే గాజు ప్లేటు మూత తీయగానే వాసనని బట్టి లోపల ఎవరు కూర్చున్నారో సగం చెప్పేసేదాన్ని. కాకపోతే నాకు రోగులతో మాట్లాడటం రాదు. మా ల్యాబు కింది అంతస్తులో, జనరేటరు గదిని ఆనుకుని ఉండేది. రక్తమూ, మూత్రమూ సీసాల్లో కిందికొచ్చేవి, మా జవాబు ఫోన్లో పైకెళ్ళేది. ఆ రక్తం ఎవరిదో, ఆ మనిషి ఎలా ఉంటుందో చూడాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు నాకు బాగానే ఉండేది.

మా సీనియర్ టెక్నీషియన్ వన్ టౌన్‌లో పుట్టి పెరిగినవాడు. గోడౌన్ల మధ్య, తోపుడుబళ్ళ మధ్య అరిచి మాట్లాడితే తప్ప వినపడని సందులో పెరిగాడు కాబట్టి గొంతు తగ్గించడం అతని వల్ల కాదు. పని మాత్రం బంగారం. పైకి ఫోన్లన్నీ అతనే చేసేవాడు. "నీకు ఫోనెందుకయ్యా, కిటికీ తెరిచి చెప్పు, పై అంతస్తుకి వినపడుద్ది" అని ఏడిపించేదాన్ని. అతను అంతకన్నా గట్టిగా నవ్వేవాడు.

ఆ రోజుల్లో ఉయ్యూరు వైపు నుంచి ఒక కాన్పు కేసు వచ్చింది. చెరకు పండించే కుటుంబం. ఎనిమిదో నెలలోనే ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. అరచేతిలో పట్టేంత పిల్ల. అంతకుముందు ఆ తల్లికి రెండు కాన్పులు పోయాయి, రెండూ కడుపులోనే. అందుకని ఇంటిల్లిపాదీ ప్రాణాలు ఈ పిల్ల మీదే పెట్టుకున్నారు. తల్లి చిన్నమ్మాయి, మాట బయటికి వచ్చేదే కాదు. ఆమె తరఫున మాటలన్నీ అత్తగారే మాట్లాడేది. పెద్దావిడకి గొంతూ ఉంది, ప్రేమా ఉంది, రెండూ సమానంగా.

పిల్లని పైన పసిపిల్లల వార్డులో, వెచ్చగా ఉంచే గాజు పెట్టెలో ఉంచారు. తల్లి పాలు పిండి ఇస్తే సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా పంపేవారు. తల్లికి ఆపరేషన్ తర్వాత కాస్త జ్వరం తగిలింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు జాగ్రత్త కొద్దీ పిల్ల రక్తంతో పాటు తల్లి పాలు కూడా పరీక్షకి కిందికి పంపాడు. పంపడం తప్పని అనను. ఆ పరీక్ష అవసరం లేదని మాత్రం అంటాను, ఎందుకంటే పాలని ప్లేటు మీద పూస్తే ఏదో ఒకటి పెరగక మానదు. పాలు ఏమీ లేని శుభ్రమైన నీళ్ళలాంటివని ఒకప్పుడు మేమూ చదువుకున్నాం, తర్వాత ఆ అభిప్రాయం మార్చుకున్నాం. ఆరోగ్యంగా ఉన్న తల్లి పాలల్లో కూడా బాక్టీరియా ఉంటుంది, అందులో చాలావరకు బిడ్డకి కావలసినదే.

మర్నాడు ప్లేటు నిండా పెరిగింది. అలవాటు ప్రకారం మావాడు ఫోను తీశాడు. పైన కుర్ర డాక్టరు చేతులకి గ్లవ్స్ ఉన్నాయి. సిస్టర్ ఫోను స్పీకర్లో పెట్టి కౌంటర్ మీద ఉంచింది.

"సార్, ఆ ఉయ్యూరు వాళ్ళ తల్లి పాలల్లో పురుగు లేచిందండీ! బాగా లేచింది! ఏ పురుగో రేపు చెప్తాం!"

కుర్ర డాక్టరు సరేనని పనిలో పడిపోయాడు. మా భాష అతనికి తెలుసు. రేపటిదాకా ఆగాలనీ తెలుసు. తెలియనిది కౌంటర్ దగ్గర ఉతికిన గుడ్డలు పట్టుకుని నిలబడ్డ పెద్దావిడకి.

మీరొకసారి ఆవిడ చెవులతో వినండి. పురుగంటే మనకి బియ్యానికి పట్టేది, వంకాయలో దూరేది. పొలంలో మందుకొట్టి చంపేది. ఒకళ్ళని నోరారా తిట్టాలంటే "పురుగులు పడి పోతావ్" అంటారు. అలాంటి పురుగు తన కోడలి పాలల్లో ఉందని, అది కూడా బాగా ఉందని, ఆసుపత్రి ఫోనే చెప్పింది. ఇంక ఎవర్ని అడగాలి?

మూడో రోజుకి మేం ఆ పురుగు పేరు తేల్చాం. పెరుగులో ఉండే బాక్టీరియాకి దగ్గర చుట్టం. చర్మం మీద మామూలుగా ఉండేవి కూడా కొన్ని కనిపించాయి. చీము పుట్టించేది ఒక్కటీ లేదు. పిల్ల రక్తంలో అసలేమీ పెరగలేదు. మైక్రోస్కోపు కింద ఆ పొట్టి కర్రముక్కల్లాంటివి చూస్తుంటే నాకు ముచ్చటేసింది. మావాడు మళ్ళీ ఫోన్ చేసి, "భయం లేదు సార్, మంచి పురుగే" అని చెప్పాడు. ఈసారి కౌంటర్ దగ్గర ఎవరూ లేరు.

ఈలోపు పైన జరగాల్సింది జరిగిపోయింది. "కోడలికి పాలు పడట్లేదండీ" అని పెద్దావిడ సిస్టర్‌తో చెప్పింది. ఆపరేషనైనవాళ్ళకి అలా కావడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పొడి పాలు మొదలుపెట్టారు. వాటికి పిల్ల పొట్ట ఉబ్బింది, బిగుసుకుంది, పాలు జీర్ణం కాకుండా గొట్టంలోంచి పచ్చగా వెనక్కి రావడం మొదలైంది. నెలలు నిండని పిల్లల్లో పేగులు దెబ్బతినే జబ్బొకటి ఉంది. అది వస్తే బిడ్డ దక్కడం కష్టం. ఈ పొట్ట ఆ దారిలోకే వెళుతున్నట్టుంది. నోటి ద్వారా ఇచ్చేవన్నీ ఆపేసి సెలైన్ పెట్టారు.

వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ గుణదల నుంచి వచ్చేది. సర్వీసంతా పసిపిల్లల మధ్యే గడిపిన మనిషి. ఆమె ఆ అమ్మాయి జాకెట్టు తడిసి ఉండటం చూసింది. పాలు పడని తల్లికి జాకెట్టు ఎందుకు తడుస్తుందని వెనకే వెళ్ళింది. అమ్మాయి బాత్రూములో సింకు మీదకి వంగి, పాలు పిండి పారబోసి, పైన కుళాయి తిప్పుతోంది. ఏడుస్తోంది కూడా. సిస్టర్ గట్టిగా అడిగితే అప్పుడు బయటికొచ్చింది పురుగు సంగతి.

మా పిల్లల డాక్టరు గారు ఆ మధ్యాహ్నమే మెట్లు దిగి ల్యాబులోకి వచ్చారు. ఆయన తక్కువ మాట్లాడతారు, కాబట్టి మాట్లాడినప్పుడు వినాలి.

"తల్లి పాలల్లో ఏముందని చెప్పారు మీవాళ్ళు?"

"మంచిదే సార్, మంచి పురుగని చెప్పాం."

"ఆ 'మంచి' వాళ్ళ చెవిన పడలేదండీ, పురుగొక్కటే పడింది" అన్నారు. "పిల్ల పొట్ట కాస్త దిగగానే తల్లి పాలు పెట్టాలి, వేరే దారి లేదు. నేను చెప్పా, సిస్టర్ చెప్పింది, వినట్లేదు. ల్యాబోళ్ళే చెప్పారు గదా అంటోంది పెద్దావిడ. మీ మాట మీరే వచ్చి వెనక్కి తీసుకోండి."

మా టెక్నీషియన్ పక్కనే నిలబడి అంతా విన్నాడు. మొదటిసారి అతని గొంతు చిన్నగా విన్నాను. "నేనొస్తా మేడమ్, కాళ్ళు పట్టుకునైనా చెప్తా" అన్నాడు. "నువ్వు అక్కడికొచ్చి నోరు తెరిస్తే కొత్తగా ఇంకో వార్డు హడిలిపోద్ది, ఉండు" అని నేనే బయల్దేరాను. సైన్సు నా పక్షాన ఉంది, చేతిలో రుజువు ఉంది. ఇంక నాకు అడ్డేమిటనుకున్నాను.

రుజువంటే ప్లేటు. మూతకి టేపు చుట్టి, కవరులో పెట్టి, వార్డు బయట కౌన్సెలింగ్ గదికి పట్టుకెళ్ళాను. అత్తాకోడళ్ళని కూర్చోబెట్టి, "చూడండమ్మా, ఇదిగో మీ పాలల్లోది. ఎంత శుభ్రంగా ఉందో చూడండి" అని గర్వంగా ముందు పెట్టాను. ప్లేటు మీద తెల్లటి చుక్కలు, గుండ్రంగా, మెరుస్తూ, వందల కొద్దీ.

పెద్దావిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి నాయనో! గుడ్లు పెట్టాయి గదండీ!"

అమ్మాయి లేచి మూలకి పోయి వాంతి చేసుకుంది.

ఇది నవ్వొచ్చే సంగతే, ఇప్పుడు నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం గబగబా ప్లేటు తీసి కవర్లో దాచేశాను. అమ్మాయి మొహం కడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది. అప్పటిదాకా ఆమె గొంతు నేను వినలేదు.

"డాక్టరు గారూ, మొదటి ఇద్దరూ కూడా ఇందుకేనాండీ పోయింది? నా ఒంట్లోనే పురుగులున్నాయాండీ?"

ఒక్క మాట పట్టుకుని ఈ అమ్మాయి ఎంత దూరం వెళ్ళిపోయిందో అప్పుడు తెలిసింది. పోయిన బిడ్డలిద్దరినీ తన ఖాతాలో రాసేసుకుంది. పాలు పారబోస్తున్నది బిడ్డని కాపాడుకోవడానికే. అంత కోపం నామీద నాకు ఎప్పుడూ రాలేదు, ఆ మాట మీద కూడా.

"కాదమ్మా" అన్నాను. "వాళ్ళెందుకు పోయారో నాకు తెలీదు. తెలీనిది తెలుసని చెప్పను. కానీ దీనివల్ల మాత్రం కాదు. ఆ సంగతి నాకు తెలుసు."

ఆమె నమ్మిందని చెప్పలేను. తల ఊపింది, అంతే. నేను లేచి వెళ్ళిపోతే బాగుండేదనిపించింది. వెళ్ళలేదు. భోజనాల వేళ అయింది. పెద్దావిడ సంచిలోంచి స్టీలు క్యారేజీ తీసి, ఊరకే చూస్తూ కూర్చున్న నన్ను చూసి, ఎంత కోపంలో ఉన్నా మర్యాద మానలేక, "కాస్త పెరుగన్నం తింటారాండీ? పెరుగు మా ఇంట్లోదే, మొన్న రాత్రి నేనే తోడేసొచ్చా, మా అబ్బాయి పొద్దున బస్సుకి తెచ్చాడు" అంది.

"తోడులో ఏముంటుందండీ?" అని అడిగాను.

"తోడులో ఏముంటది? తోడుంటది" అంది నన్ను వింతగా చూస్తూ.

"అది వేస్తే పాలు పెరుగెందుకవుతాయి?"

"ఎందుకేంటండీ, తోడు పాలంతా పాకుద్ది. వేడిగా ఉంటే చచ్చిపోద్ది, చల్లగా ఉంటే పాకదు. గోరువెచ్చగా ఉండాలి."

చచ్చిపోద్ది అంది. పాకుద్ది అంది. తోడుకి ప్రాణం ఉందని ఆవిడకి నేను నేర్పనక్కర్లేదు. రోజూ స్పూనుతో ప్రాణాన్ని గిన్నెలో వేస్తోంది, దాన్ని ఎవరూ పురుగనలేదు, తెలుగులో దానికి అంతకన్నా మంచి పేరు ఉంది. చదువంతా చదివి ఆ పేరు నాకే ఎందుకు తట్టలేదో.

"అమ్మా, మా వాడు ఫోన్లో తప్పు మాటన్నాడు" అన్నాను. "మీ కోడలి పాలల్లో లేచింది పురుగు కాదు. తోడు."

పెద్దావిడ ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. తర్వాత నా సర్వీసులో ఎవరూ అడగనంత మంచి ప్రశ్న అడిగింది.

"మరైతే పాలు రొమ్ములోనే తోడుకుపోవాలి గదండీ?"

"ఆ తోడు వేరు, ఈ తోడు వేరు. చుట్టాలే గానీ పనులు వేరు. ఇది పాలకోసం వచ్చింది కాదు, పిల్ల పొట్టకోసం వచ్చింది. పెద్ద బస్టాండులో బస్సొస్తే మనం ఏం చేస్తాం? కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం. పిల్ల పేగుల్లో ఇప్పుడు సీట్లన్నీ ఖాళీ. తల్లి పాలల్లోవి ముందెళ్ళి కర్చీఫులేసుకుంటే, జబ్బు చేసేవి ఎక్కినా కూర్చోడానికి చోటుండదు. అంతే కాదు, తల్లి పాలల్లో ఒక రకం చక్కెర ఉంది. అది పిల్లకి అరగనే అరగదు."

"అరగని చక్కెర పాలల్లో ఎందుకండీ?" చక్కెర మాట వచ్చేసరికి చెరకు రైతు ఇంటి మనిషి ముందుకి జరిగింది.

"ఈ తోడుకి మేత. పిల్లకి పాలు, పిల్ల పొట్టలో తోడుకి చక్కెర, రెండూ ఒక్క తల్లి దగ్గరే ఉన్నాయి. పొడి డబ్బాల వాళ్ళు దాన్ని కొంచెం కొంచెం కలపడానికి చూస్తున్నారు గానీ, మీ కోడలి దగ్గరున్నంత రకం ఎవరి దగ్గరా లేదు."

పెద్దావిడ కోడలి వైపు తిరిగింది. కోడలు నా వైపే చూస్తోంది. "పోయిన వాళ్ళకి కూడా నా దగ్గర అది ఉండేదాండీ?" అని చిన్నగా అడిగింది. ఉండేదన్నాను. ఆమె ఏడ్చింది, కానీ సింకు దగ్గర ఏడ్చినట్టు కాదు.

ఇక్కడితో కథ ఆపేస్తే నేను గొప్పదాన్నయిపోతాను. ఆపలేను, మర్నాడు ఇంకా ఉంది.

పొద్దున్నే సిస్టర్ ఫోన్. "మేడమ్, మీ తోడు ఇక్కడిదాకా వచ్చింది, పరిగెత్తుకు రండి." వెళ్ళేసరికి పెద్దావిడ చేతిలో స్టీలు గిన్నె, గిన్నెలో పెరుగు, సిస్టర్ రెండు చేతులూ చాచి వార్డు తలుపుకి అడ్డం నిలబడి ఉంది.

"మీరే గదండీ చెప్పారు" అంది పెద్దావిడ నన్ను చూడగానే. "ఏడ్చి ఏడ్చి కోడలికి పాలు వెనక్కి పోయాయి, రాత్రి నుంచి పిండుతుంటే తడి తప్ప రావట్లా. ఈలోపు కాస్త తోడు నాలిక మీద రాద్దామని తెచ్చా. మా ఇంటి తోడు మంచిది, మా అత్తగారి నాటిది."

ఆ పొట్టకి ఆ వేలి చివర పెరుగు చాలు, ఎటు తిరిగి ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు. సరైన మాట దొరికిందని సంబరపడి, దాని వెనక చెప్పాల్సిన రెండో మాట మింగేశానన్నమాట. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఇది గేదె పాలకి తోడు. మీ మనవరాలు గేదె దూడ కాదు. పిల్లకి దాని తల్లి దగ్గరున్నదే తోడు, ఇంకోటి పనికిరాదు, ఆఖరికి మందుల షాపులో దొరికే ఇలాంటి తోడు పొట్లం కూడా పిల్లల డాక్టరు గారు చెబితే తప్ప వద్దు" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. మనవరాల్ని దూడనడం వల్లో, ఇంటి పెరుగుని కాదనడం వల్లో నాకు తెలియలేదు. గిన్నె మాత్రం వెనక్కి తీసుకుపోయింది.

ఆ తర్వాత పనంతా సిస్టర్‌ది, ఆ అమ్మాయిది. పెట్టెలోంచి పిల్లని తీసి, గొట్టాలతో సహా తల్లి ఛాతీ మీద, చర్మానికి చర్మం తగిలేలా కట్టేవారు. గంటలు గంటలు అలాగే కూర్చునేది. మధ్యలో పాలు పిండేది. మొదట వేలి చివర తడి వచ్చింది. దాన్నే దూదితో పిల్ల పెదాల లోపల రాశారు. తర్వాత చుక్కలు వచ్చాయి. పిల్లల డాక్టరు గారు పొట్ట మీద చెయ్యి వేసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు, ఏమీ అనకపోవడం మంచి వార్త. ఒకరోజు ఫోన్ మోగింది. మా టెక్నీషియన్ ఎత్తి విని, వన్ టౌన్ దాకా వినపడేలా అరిచాడు. "మేడమ్, పిల్ల పాలు అరిగాయంట!"

పిల్ల బతకడం అంతా ఆ పాలల్లోని బాక్టీరియా గొప్పేనని నేను ఒట్టు పెట్టను. మందులున్నాయి, సిస్టర్ చేతులున్నాయి, పిల్ల మొండితనం ఉంది. తల్లికి రొమ్ములో గడ్డ గానీ చీము గానీ ఉంటే చూడాల్సిన లెక్క వేరు, అది కూడా మీరు మర్చిపోకూడదు. అయితే తల్లి పాలు తాగే పసిబిడ్డల పేగులు, అందులోనూ నెల తక్కువ బిడ్డల పేగులు, ఎక్కువ భద్రంగా ఉంటాయన్నది నేను నమ్మకంగా చెప్పే మాట. ఇన్నేళ్ళు ప్లేట్లు చూసిన దాన్ని చెబుతున్నాను. ఆ నెలలోనే మా ల్యాబులో పురుగన్న మాట మాన్పించాను. మావాడు నోరు జారినప్పుడల్లా నాలిక కరుచుకునేవాడు. మీరు కూడా ఫోను ఎత్తే ముందు, అవతల స్పీకరు ఆన్‌లో ఉందనే అనుకోండి.

పిల్లకి పీల్చే బలం వచ్చి, గొట్టం తీసేసి మొదటిసారి రొమ్ముకి పెట్టే రోజు సిస్టర్ నన్నూ పైకి పిలిచింది. నాకక్కడ ఏమీ పని లేదు, అయినా వెళ్ళాను. తెర చాటున అమ్మాయి కుర్చీలో కూర్చుంది. పిల్ల కళ్ళు మూసుకునే నోరు తెరిచి వెతుకుతోంది. పెద్దావిడ ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు తెచ్చి, గుడ్డ ముంచి, పిండి, రొమ్ము తుడవడానికి వంగింది. మన ఇళ్ళల్లో పాలిచ్చే ముందు ప్రతిసారీ చేసే పనే అది, వాళ్ళ అత్తగారు ఆవిడకి చేసి ఉంటుంది. రోజూ స్నానం చేసే తల్లికి అది అక్కర్లేదని చెబుదామని నేను నోరు తెరవబోయాను.

అమ్మాయి అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపింది.

"తుడవకండి అత్తయ్యా" అంది. "నా దగ్గరున్నదంతా దానికి కావాలి."

పెద్దావిడ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. ఆ ఇంటికి కోడలైన తర్వాత ఆ అమ్మాయి ఎదురు చెప్పిన మొదటి మాట అదేనని తర్వాత సిస్టర్ చెప్పింది. పెద్దావిడ తడిగుడ్డ మడిచి తన భుజం మీద వేసుకుంది. కొంగు చివరతో కోడలి కళ్ళు తుడిచి, "సరే, పట్టు మరి, ఆకలేస్తంది దానికి" అంది.